రేడియోకి స్వర్ణయుగం, మరి పేటకి?

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 2023కి దానికి 75 ఏళ్ళు నిండాయి. రేడియో మాటొస్తే చాలు, మన పెద్దకులాల మేధావులకి కళ్ళు చెమరుస్తాయి. "అదొక స్వర్ణయుగమండీ! ఆ నాటకాలేంటి, ఆ లలిత సంగీతమేంటి, ఆ ఉచ్చారణేంటి! ఇప్పుడా భాషేదీ, ఆ గొంతులేవీ?" అని వ్యాసాలు రాస్తారు, సభలు పెడతారు, ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటారు.

కప్పుకోనివ్వండి. దానివల్ల మనకి పోయేదేం లేదు. కాని ఆ సభలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది, అది మనం అడగాలి. ఆ స్వర్ణయుగంలో మాలపేట గొంతు ఎక్కడుంది? మాదిగపేట గొంతు ఎక్కడుంది? వినేవాళ్ళలో మనం ఉన్నాం. పలికేవాళ్ళలో ఎంతమందిమి ఉన్నాం?

గాలికి అంటు లేదంటారు. రేడియో తరంగం ఊళ్ళోంచి పేటలోకి రావడానికి ఎవరి అనుమతీ అడగదు. గుడిలాగా గడప లేదు, చెరువులాగా రేవు లేదు, హోటల్లోలాగా వేరే గ్లాసు లేదు. మనిషి కనబడడు, గొంతొక్కటే వినబడుతుంది. కులం దూరడానికి సందే లేని యంత్రం అనుకుంటాం. అలాంటి యంత్రంలోకి కూడా కులం దూరింది. ఎలా దూరిందో తెలుసుకోకపోతే రేపు వచ్చే యంత్రాల్లోకి కూడా దూరుతుంది.

గోదారి గొంతులు

తెలుగు రేడియో చరిత్రలో మన గోదారి జిల్లాల వాటా చిన్నది కాదు. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అక్కడ 1941లో చేరి, తర్వాత తెలుగు లలిత సంగీతానికి పెద్దదిక్కైన బాలాంత్రపు రజనీకాంతరావు పుట్టింది నిడదవోలులో. రేడియోకి గేయాలూ సంగీత రూపకాలూ రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రిది పిఠాపురం ప్రాంతం. విజయవాడ కేంద్రంలో 'భక్తిరంజని'ని మొదలుపెట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టింది కోనసీమలో, శంకరగుప్తంలో. రామాయణ భారతాలు చెప్పి ఊళ్ళకి ఊళ్ళని రేడియో ముందు కూచోబెట్టిన ఉషశ్రీ, అంటే పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, అప్పటి పశ్చిమగోదావరిలో కాకరపర్రు మనిషి.

వీళ్ళకి విద్య లేదని మనం అనడం లేదు. విద్య ఉంది, కష్టమూ ఉంది. విజయవాడ నాటకాల్లో బందా కనకలింగేశ్వరరావు, నండూరి సుబ్బారావుల గొంతులు విన్నవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు, తలుచుకోవలసిందే. మన తగాదా ఆ మనుషులతో కాదు. ఇదే గోదారి నీళ్ళు తాగి, ఇదే మట్టిలో పుట్టి, పాటా పద్యం కథా తెలిసిన మనోళ్ళు వేలమంది ఉంటే, మైకు మాత్రం కొన్ని ఇళ్ళకే ఎందుకు దారి కనుక్కుంది? మన తగాదా దీనిమీద.

ఉచ్చారణ అనే వాకిలి

మైకు దగ్గరికి వెళ్ళాలంటే ముందు ఉచ్చారణ బాగుండాలన్నారు. బాగుండడం అంటే ఏంటి? తెలుగు దేశమంతటికీ కృష్ణా గోదావరి డెల్టా భాషే ప్రామాణికం అని పండితులు తీర్మానం చేశారు. ఆ లెక్కన మనం గర్వపడాలి, మన జిల్లా భాషే రేడియో భాషైందని! కాని డెల్టాలో తెలుగు ఒకటా? అగ్రహారం అరుగు మీద ఒక తెలుగుంది, మోతుబరి లోగిట్లో ఒక తెలుగుంది, ఊడ్పుచేలో ఇంకో తెలుగుంది. "వాన వస్తోంది" అంటే ప్రామాణికం. "వానొత్తంది" అంటే మోటు. "చదువు" అంటే సంస్కారం. "సదువు" అంటే నవ్వు. రెండూ ఒకే గట్టుకి అటూ ఇటూ పుట్టిన మాటలు. ఒకటి మైకు ఎక్కింది, రెండోది మైకు కింద నవ్వులపాలైంది.

రేడియో నాటకం గుర్తున్నవాళ్ళు ఒకసారి తలుచుకోండి. నాయకుడు ఏ భాష మాట్లాడతాడు? నాయిక ఏ భాష మాట్లాడుతుంది? పాలేరు, పనిమనిషి, బండివాడు వస్తే ఏ భాష మాట్లాడతారు? "అయ్యగోరూ, సిత్తం" అంటూ వస్తాడు, నాలుగు వెర్రిమాటలు మాట్లాడి నవ్వించి పోతాడు. ఆ వేషం వేసేది పాలేరు కొడుకు కాదు. ప్రామాణిక భాష వచ్చిన ఆర్టిస్టే కాసేపు నోరు వంకర తిప్పి మన మాటని అనుకరిస్తాడు. మన నోటికి స్టూడియోలో చోటు లేదు గాని, మన నోటి వెక్కిరింతకి మాత్రం పారితోషికం ఉంది.

"ఏదో నవ్వుకోడానికి పెట్టిన వేషానికి ఇంత గొడవెందుకయ్యా?" అంటారు. ఈ గొడవ మనం కొత్తగా కనిపెట్టింది కాదు. సముద్రాల అవతల మనలాంటి వాళ్ళే 90 ఏళ్ళ కిందట రేడియో మీద ఈ గొడవే పెట్టారు.

అమెరికాలో ఏం జరిగింది?

అమెరికా నల్లవాళ్ళకీ మనకీ చుట్టరికం ఈనాటిది కాదు. 1873లో జోతిబా ఫూలే తన 'గులాంగిరీ' పుస్తకాన్ని నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు బ్లాక్ పాంథర్స్‌ని చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. కాబట్టి వాళ్ళ రేడియో కథ మన ఇంటి కథే.

1926లో ఎన్‌బీసీ, 1927లో సీబీఎస్ అనే కంపెనీలు దేశం నాలుగు మూలలా స్టేషన్లని తీగలతో కలిపి ఒకే కార్యక్రమం దేశమంతా వినబడేలా చేశాయి. అక్కడినుంచి టీవీ వచ్చేదాకా, సుమారు 1950 వరకూ, అమెరికావాళ్ళు దాన్ని రేడియో స్వర్ణయుగం అంటారు. అంటే ఆ మాట వాళ్ళకీ ఉంది! ఆ యుగంలో అందరికంటే పెద్ద కార్యక్రమం పేరు 'అమాస్ అండ్ ఆండీ'. ఇద్దరు నల్లవాళ్ళ కథ. 1928 మార్చి 19న చికాగోలో డబ్ల్యూ.ఎం.ఏ.క్యూ. అనే స్టేషన్లో మొదలైంది. 1929లో ఎన్‌బీసీ ఎక్కింది. పెప్సొడెంట్ పళ్ళపేస్టు కంపెనీ డబ్బు పెట్టింది. మంచి ఊపులో ఉన్నప్పుడు సుమారు 4 కోట్ల మంది వినేవాళ్ళని అంచనా. ఆ పావుగంట సేపూ సినిమాహాళ్ళలో బొమ్మ ఆపి రేడియో పెట్టేవాళ్ళు.

ఆ ఇద్దరు నల్లవాళ్ళ వేషాలు వేసింది ఎవరనుకున్నారు? ఫ్రీమన్ గాస్డెన్, చార్లెస్ కరెల్. ఇద్దరూ తెల్లవాళ్ళు. నల్లవాడి యాస పట్టుకుని, తప్పుల తడక ఇంగ్లీషు మాట్లాడి, నల్లవాడంటే తెలివి తక్కువవాడు, బద్ధకస్తుడు, మాటకారి అని దేశమంతా నవ్వేట్టు చేశారు. 'బ్యూలా' అనే నల్ల పనిమనిషి వేషం ఇంకా విచిత్రం. 1944లో ఆ ఆడమనిషి గొంతు పలికింది మార్లిన్ హర్ట్ అనే తెల్లజాతి మగవాడు! ఆయన 1946లో చనిపోయాక, 1947లో గాని ఆ వేషం హ్యాటీ మెక్‌డేనియల్ అనే నల్లజాతి నటికి దక్కలేదు. ఆమె అప్పటికే ఆస్కార్ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి మనిషి. అంతటి నటికి రేడియోలో దొరికింది పనిమనిషి వేషమే.

నల్లవాళ్ళు ఊరుకున్నారా? లేదు. 1931లో 'పిట్స్‌బర్గ్ కొరియర్' అనే నల్లవాళ్ళ పత్రిక, సంపాదకుడు రాబర్ట్ వాన్ నాయకత్వాన, ఈ కార్యక్రమాన్ని ఆపించాలని 10 లక్షల సంతకాల ఉద్యమం మొదలుపెట్టింది. 6 లక్షలు దాటాయని ఆ పత్రికే ప్రకటించింది. కార్యక్రమం ఆగలేదు. ఏదో ఒక రూపంలో 1960 దాకా నడిచింది. కాని "మా గొంతు మీ నవ్వులాటకి కాదు" అని ఒక జాతి సంతకం పెట్టి చెప్పింది. ఒక పత్రికే ఆ పని చేసింది.

పాలేరు కలెక్టరైతే

వెక్కిరింతకి జవాబు సంతకాలొక్కటే కాదు. మన కథ మనం చెప్పుకోవడం అసలు జవాబు. 1948లో రిచర్డ్ డర్హం అనే నల్లజాతి రచయిత 'డెస్టినేషన్ ఫ్రీడం' అని వారం వారం రేడియో నాటకాలు రాశాడు. బానిసల్ని విడిపించిన హ్యారియట్ టబ్‌మన్, మూకహత్యల మీద కలం పట్టిన ఐడా వెల్స్ లాంటి వాళ్ళ కథలు. ఏ స్టేషన్లో? అదే డబ్ల్యూ.ఎం.ఏ.క్యూ.లో! 20 ఏళ్ళ కింద నల్లవాణ్ణి వెక్కిరించిన గాలిలోనే నల్లవాడి వీరగాథ వినబడింది. 1950లో దాన్ని ఆపేశారు. దేశవ్యాప్త నెట్‌వర్కుకి అది ఎన్నడూ ఎక్కలేదు. అయినా డర్హం చేసింది చేశాడు.

మన డెల్టాలో ఆ పని చేసినవాడు బోయి భీమన్న. 1911లో మామిడికుదురులో పుట్టాడు. బాలమురళి పుట్టిన శంకరగుప్తానికి అదేమంత దూరం కాదు, రెండూ కోనసీమే. భీమన్న 1940ల్లో 'పాలేరు' నాటకం రాశాడు. రేడియో పాలేరు "సిత్తం" అని నవ్విస్తే, భీమన్న పాలేరు చదువుకుని అధికారి అవుతాడు. ఆ నాటకం గోదారి పల్లెల్లో ఊరూరా ఆడింది. పెట్రోమాక్స్ దీపాల కింద, చాపలమీద కూచుని మనోళ్ళు చూశారు. అది చూసి పిల్లల్ని పశువుల దగ్గర్నుంచి మానిపించి బడికి పంపిన తల్లిదండ్రుల సంగతి ఈ జిల్లాల్లో పెద్దలందరికీ తెలుసు.

అంతకుముందే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని పాట కట్టాడు, 'జయభేరి' పత్రిక నడిపాడు. ఆ పాటని మోసింది తరంగాలు కాదు, పేటల నోళ్ళు. స్వర్ణయుగం జాబితాలు రాసేవాళ్ళు ఈ గొంతుల్ని ఏ పేజీలో రాస్తారు?

హార్మోనియం చేసిన పాపం

కులం ఒక్క భాషలోనే దూరలేదు, వాద్యాల్లోనూ దూరింది. 1940 మార్చి 1 నుంచి ఆల్ ఇండియా రేడియో హార్మోనియంని నిషేధించింది. అది పరాయి దేశపు పెట్టె, దానిమీద గమకాలు పలకవు అని కారణం చెప్పారు. 1971లో గాని తలుపు కొంచెం తెరవలేదు. 30 ఏళ్ళు!

హార్మోనియం ఎవరి వాద్యం? సంగీత సభల్లో దానికి గౌరవం లేదు. హరిశ్చంద్ర నాటకం ఆడే ఊరి సమాజానికి అదే ప్రాణం. మన పేటల్లో క్రైస్తవ మందిరాల్లో ఆదివారం ఆరాధనకి అదే ఆధారం. వీణ కొనలేని, గురువు దొరకని ఇళ్ళలోకి సంగీతం వచ్చిందే ఆ పెట్టె ద్వారా. దాన్ని గెంటేస్తే ఎవరి సంగీతం బయట నిలబడిందో వేరే చెప్పాలా?

సర్దార్ పటేల్ సమాచార శాఖ చూస్తున్న రోజుల్లో "నడవడి బాగాలేని" ఆడవాళ్ళు రేడియోలో పాడకూడదన్నారు. తరతరాలుగా పదాలూ జావళీలూ కాపాడినవాళ్ళు మన మురమండ, పెద్దాపురం ప్రాంతాల కలావంతుల ఆడవాళ్ళు. ఇలాంటి కుటుంబాల ఆడవాళ్ళకి తలుపు మూసి, అవే పాటలు 'కుటుంబ స్త్రీలు' పాడితే మాత్రం శాస్త్రీయ సంగీతమన్నారు. విద్య తీసుకుని మనిషిని గెంటేయడం ఈ దేశంలో ఏకలవ్యుడి బొటనవేలు నాటి నుంచీ ఉన్నదే.

తర్వాత 1952లో కేస్కర్ అనే మంత్రి వచ్చాడు. ఆయన హయాంలో కళాకారులకి ఆడిషన్లు, గ్రేడ్లు వచ్చాయి. సినిమా పాటలు నీచమని తగ్గించేశారు. జనం ఏం చేశారు? రేడియో సిలోన్‌కి ముల్లు తిప్పారు. ఆ దెబ్బకి 1957లో వివిధభారతి పెట్టక తప్పలేదు. ఇక్కడ నేర్చుకోవలసింది ఒకటుంది. జనం ముల్లు తిప్పితే ఢిల్లీలో మంత్రి కూడా దిగొస్తాడు.

"జానపద గీతాలు పెట్టాం గదా" అంటారు. పెట్టారు. ఊడ్పు పాటని చేలోంచి పీకి, 'సదువు'ని 'చదువు'గా దిద్ది, వేణువూ వీణా చేర్చి, చదువుకున్న గాయకుల నోట చాలాసార్లు వినిపించారు. ఆ పాట కట్టిన అమ్మ మాత్రం బురదలోనే ఉంది. ఇక డప్పు సంగతి? చావుకీ పెళ్ళికీ జాతరకీ డప్పు లేనిదే ఊరు కదలదు. ఆ డప్పుకి ఏ సంగీత పండితుడు ఏ గ్రేడు ఇస్తాడు?

ఎరువు మోతాదు చెప్పారు, కూలి రేటు చెప్పారా?

రేడియో శక్తి తక్కువదని ఎవరూ అనుకోకండి. 1960ల నడుమ తంజావూరు రైతులు ఏడీటీ-27 అనే కొత్త వరిని రేడియోలో విని వేశారు. అందుకే దానికి 'రేడియో వడ్లు' అని పేరొచ్చింది. మన దగ్గర ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు 1967లో ఐఆర్-8 పండించి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి కొత్త వంగడాలు వచ్చాయి. 'పాడిపంటలు' కార్యక్రమం ఏ చీడకి ఏ మందు, ఎకరానికి ఎన్ని బస్తాల ఎరువు, సార్వాకేంటి, దాళ్వాకేంటి అంతా చెప్పింది. మంచిదే. భూమున్నవాడికి మంచిదే.

భూమి లేనివాడికి? కనీస వేతనాల బిల్లుని 1946లో చట్టసభలో పెట్టింది బాబాసాహెబ్. అది చట్టమైంది 1948లో. విజయవాడ రేడియో పుట్టిందీ 1948లోనే. ఇద్దరూ ఒక ఈడు పిల్లలు! ఇన్నేళ్ళలో వాతావరణం చెప్పినట్టు, బజారు ధరలు చెప్పినట్టు, "ఈ సంవత్సరం ఊడ్పుకి కనీస కూలి ఇంత, ఇవ్వకపోతే ఫలానా ఆఫీసరుకి అర్జీ పెట్టుకో" అని రోజూ సాయంత్రం చెప్పి ఉంటే ఈ డెల్టాలో ఎన్ని సమ్మెలు తేలిగ్గా గెలిచేవి! వరికి వచ్చే చీడ గురించి అంత చెప్పిన రేడియో, కూలీకి పట్టిన చీడ గురించి నోరు మెదపడానికి ఎందుకు బెదిరింది? వినేది రైతనీ, రైతంటే భూమున్నవాడనీ లెక్కేసుకుంది గనక.

పంచాయతీ రేడియో ఎక్కడుండేదో ఊళ్ళో పెద్దల్ని అడగండి. పంచాయతీ ఆఫీసులోనో, ఊరి రచ్చ దగ్గరో. సొంతంగా పెట్టె కొనుక్కుంటే 1980ల నడిమిదాకా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుం కట్టాలి. సైకిలూ వాచీ రేడియో కట్నం కింద అడిగే రోజులవి. కూలినాలి చేసుకునేవాడికి పెట్టె ఇంట్లోకి వచ్చేసరికే స్వర్ణయుగం సగం అయిపోయింది.

"మీవాళ్ళు లేరా?" అనేవాళ్ళకి

ఈ మాటలంటే వెంటనే ఒక జవాబొస్తుంది. "గుర్రం జాషువాకి రేడియోలో ఉద్యోగం ఇవ్వలేదా? అంబేద్కర్ రేడియోలో మాట్లాడలేదా?" అని.

ఇచ్చారు. 1957లో మద్రాసు కేంద్రంలో జాషువా ప్రొడ్యూసరయ్యాడు, 1959 దాకా చేశాడు. జాషువా పుట్టింది 1895లో. అంటే మైకు దగ్గరికి వెళ్ళేసరికి 62 ఏళ్ళు. 'గబ్బిలం' రాసి అప్పటికి 16 ఏళ్ళు దాటింది. అంతటి కవికి కూడా ముసలితనంలో రెండేళ్ళ కుర్చీ! ఒక్క జాషువాని చూపించి వెయ్యిమందికి తలుపు మూసే నేర్పుని మనం ఆఫీసుల్లో, కాలేజీల్లో చూస్తూనే ఉన్నాం గదా.

అంబేద్కర్ మాట్లాడాడు. 1954 అక్టోబరు 3న ఆల్ ఇండియా రేడియోలో తన జీవిత తత్వం చెప్పాడు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు మాటల్లో ఉంది తన తత్వం, వాటిని ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి నుంచి తీసుకున్నానన్నాడు. ఆ కొద్దిసేపట్లో చెప్పిన మాటలు ఇవాళ్టికీ మనకి పాఠం. ప్రతి ఉదయం భక్తిరంజనికి దొరికిన గాలిలో ఈ మాటకి ఏడాదికెన్ని ఉదయాలు దొరికాయి? అందరి పన్నులతో నడిచే రేడియోలో స్తోత్రానికి రోజూ వంతుంది. పోలేరమ్మ పాటకీ, బుద్ధుడి మాటకీ వంతు ఏ పండక్కో జయంతికో!

కళాకారుడికి కులమేంటి అని కూడా అంటారు. కళాకారుడు ఏం చెయ్యగలడో ఒక్క ఉదాహరణ చెబుతాను. అమెరికా రేడియోలో ఆర్సన్ వెల్స్ అని ఒకాయన. 1938లో అంగారకుడి నుంచి రాక్షసులు దిగారని నాటకం వేసి దేశంలో కలకలం రేపినవాడు. 1946 ఫిబ్రవరిలో ఐజాక్ వుడర్డ్ అనే నల్లజాతి సైనికుడు యుద్ధం నుంచి విడుదలై, యూనిఫారంతోనే బస్సులో ఇంటికి పోతుంటే, దక్షిణ కెరొలినాలో పోలీసు లాఠీతో కొట్టి రెండు కళ్ళూ పోగొట్టాడు. అదే ఏడు జులై 28న వెల్స్ తన రేడియో ప్రసంగంలో వుడర్డ్ వాంగ్మూలం చదివాడు. "నీ పేరు కనుక్కుంటాను" అన్నట్టు వారం వారం ఆ పోలీసుని వెంటాడాడు. పేరు బయటపడింది, కేసు నడిచింది. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ వాణ్ణి వదిలేసింది. కాని ఆ వార్త అధ్యక్షుడు ట్రూమన్‌ని కదిలించింది. 1948లో సైన్యంలో జాతివివక్ష రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది.

వెల్స్ తెల్లవాడే. పేరున్న గొంతు, ఆ గొంతుని కళ్ళు పోయినవాడికి అరువిచ్చాడు. మన దగ్గర 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరులో 8 మందిని చంపితే, 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పు కూడా అమెరికా తీర్పులాగే ఉంది! తేడా ఎక్కడంటే, ఆ బంగారు గొంతుల్లో ఏ గొంతు మనకి అరువొచ్చింది? సర్కారు రేడియోలో ఉద్యోగి సర్కారుని నిలదీయలేడు, నిజమే. రిటైరయ్యాక శాలువా సభల్లోనైనా పలకొచ్చు గదా. ఆ వార్తల్ని పేట పేటకీ చేర్చింది కరపత్రాలు, గద్దరు పాటలు, డప్పులు, 'నలుపు' లాంటి పత్రికలు. ఆ పత్రిక నడిపిన బొజ్జా తారకం మన కోనసీమ కందికుప్ప మనిషే.

గాలి ఎవరి సొత్తు?

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. క్రికెట్ ప్రసారాల తగాదాలో పుట్టిన తీర్పు. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు సొత్తు కాదు, డబ్బున్నవాడి సొత్తూ కాదు అని తేల్చింది. ఆ ముగ్గురు జడ్జీల్లో జీవన్‌రెడ్డి మన తెలుగువాడు. తీర్పు చదివి మొదట ఎవరు లాభపడ్డారు? వ్యాపారులు. ఎఫ్ఎం స్టేషన్లు వేలంపాటలో కొనుక్కున్నారు. కూలోడి తరంగం వేలంలో ఎలా కొంటాడు?

అయినా ఒకచోట మనోళ్ళు సాధించారు. అప్పటి మెదక్ జిల్లాలో, జహీరాబాదు దగ్గర మాచునూరు అనే ఊళ్ళో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్ళు స్టూడియో కట్టుకున్నారు. లైసెన్సు ఇవ్వలేదు. సుమారు పదేళ్ళు టేపుల్లో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2006లో సర్కారు విధానం మారి సంఘాలకి కూడా రేడియో ఇవ్వొచ్చన్నారు. 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' గాలిలోకి వచ్చింది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు దాన్ని నడిపారు. చిరుధాన్యాల పాటలు, విత్తనాల కబుర్లు, కష్టసుఖాలు, వాళ్ళ యాసలోనే. ఉచ్చారణ పరీక్ష పెట్టడానికి అక్కడ ఏ పండితుడూ లేడు.

అమెరికాలోనూ ఇంతే. 1949లో అట్లాంటాలో జెస్సీ బ్లేటన్ అనే నల్లజాతి అకౌంటింగ్ పంతులు డబ్ల్యూ.ఇ.ఆర్.డి. అనే స్టేషన్ కొన్నాడు. నల్లవాడి సొంత స్టేషన్ అదే మొదటిది. తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమ ఆఫీసు కూడా ఆ భవనంలోనే ఉండేది. సొంత మైకు చేతికొచ్చాక వెక్కిరించేవాణ్ణి బతిమాలే పని తప్పింది.

మరి గోదారి డెల్టాలో? భీమవరంలో ఇంజనీరింగు కాలేజీ ఆవరణలో సామాజిక రేడియో ఉంది. కూలీ సంఘం రేడియో, పేట రేడియో ఏది? 2006 విధానం చదవండి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానిక ప్రజలతో తయారుకావాలని, స్థానిక భాషలో, మాండలికంలో ఉండాలని సర్కారు కాగితమే చెబుతోంది. 'వానొత్తంది' అనడానికి మొదటిసారి చట్టం ఒప్పుకుంది! అయితే సొంత వార్తలు చెప్పే హక్కు మాత్రం ఇంకా ఇవ్వలేదు. పాడుకో, వార్త చెప్పకు అంటున్నారు. దానికోసం కూడా కొట్లాడాలి.

చెయ్యాల్సిన పని

సంఘాల బాధ్యులు, కుర్రాళ్ళు, ఆడపడుచులు ఈ నాలుగు పనులు మొదలుపెట్టండి.

ఒకటి. ప్రతి పేటలో 70 దాటిన అమ్మమ్మలు, తాతలు ఉన్నారు. ఊడ్పు పాటలు, కుప్పనూర్పు పాటలు, డప్పు దరువులు, పాలేరుతనం కథలు, కూలి సమ్మెల కథలు వాళ్ళ దగ్గరున్నాయి. ఇవాళ ప్రతి ఇంట్లో సెల్‌ఫోనుంది. రికార్డు చెయ్యండి. పేరు, ఊరు, తేదీ చెప్పించండి. యాస దిద్దకండి. ఒక్కో మనిషి పోతే ఒక్కో స్టేషన్ మూగబోయినట్టే.

రెండు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆకాశవాణిని అడగండి. ఈ పదేళ్ళలో కనీస వేతనాల మీద, అట్రాసిటీ చట్టం మీద ఎన్ని కార్యక్రమాలు చేశారు? డప్పు కళాకారుల్ని ఎంతమందిని పిలిచారు, ఎంత ఇచ్చారు? జవాబు వస్తే ఊరూరా చదవండి. రాకపోతే రాలేదని చదవండి.

మూడు. రిజిస్టరైన కూలీ సంఘాలు, మహిళా సంఘాలు కలిసి డెల్టాలో ఒక్క సామాజిక రేడియోకైనా దరఖాస్తు పెట్టండి. మాచునూరు వెళ్ళి చూసిరండి.

నాలుగు. మన సభల్లో మైకు ముందు మన ఆడోళ్ళని నిలబెట్టండి. "సరిగ్గా మాటాడ్డం రాదు" అని ఎవరైనా వెనక్కి లాగితే అది ఆకాశవాణి ఆడిషన్ బోర్డు మాటేనని గుర్తుపెట్టుకోండి.

వాళ్ళ స్వర్ణయుగాన్ని వాళ్ళు తలుచుకోనివ్వండి. మన అమ్మ 'సదువు' అన్నప్పుడు మన పిల్లలు సిగ్గుపడకుండా ఆ మాటని గాలిలోకి పంపిన రోజున, ఆ రోజుకి ఏ లోహం పేరు పెట్టాలో మనం కూచుని తేల్చుకుందాం.

జై భీమ్!